భూమి అమ్మి నడిచిన ప్రభుత్వాలు: చైనా రియల్ ఎస్టేట్ సంక్షోభం వెనకున్న లెక్క

2025 ఆగస్టు 25న హాంకాంగ్ స్టాక్ ఎక్స్ఛేంజీ తన జాబితాలోంచి ఎవర్‌గ్రాండ్ పేరు తీసేసింది. 280కి పైగా నగరాల్లో 1,300 ప్రాజెక్టులు, సొంత ఫుట్‌బాల్ క్లబ్, చివర్లో ఎలక్ట్రిక్ కార్ల కంపెనీ కూడా పెట్టిన బిల్డర్ అది. మీద పడ్డ బాకీలు 30,000 కోట్ల డాలర్లకు పైనే. ఈ కథను చాలామంది ‘అత్యాశకు పోయి మునిగిన బిల్డర్’ కథగానే చెప్పుకున్నారు. అందులో నిజం లేకపోలేదు. 2019, 2020 సంవత్సరాల్లో కలిపి 56,400 కోట్ల యువాన్ల ఆదాయాన్ని కంపెనీ లేనిది ఉన్నట్టు చూపించిందని చైనా సెక్యూరిటీల నియంత్రణ సంస్థ 2024 మార్చిలో తేల్చింది. వ్యవస్థాపకుడు షూ జియాయిన్‌కు 4.7 కోట్ల యువాన్ల జరిమానా వేసి, స్టాక్ మార్కెట్ నుంచి జీవితకాలం వెలి వేసింది.

అయితే ఒక్కడి దురాశే కారణమైతే మిగతావాళ్లు నిలబడాలి కదా. 2023లో కంట్రీ గార్డెన్ కూడా విదేశీ అప్పు కట్టలేక చేతులెత్తేసింది. ఆచితూచి నడిచే కంపెనీగా పేరున్న, ప్రభుత్వ సంస్థ ప్రధాన వాటాదారుగా ఉన్న వాంకే కూడా ఆ తర్వాత అప్పుల వాయిదా కోసం తిరగాల్సి వచ్చింది. వరసగా అందరూ పడ్డారంటే లోపం ఇంకా కింద, పునాదిలో ఉందన్నమాట. ఆ పునాది స్థానిక ప్రభుత్వాల ఖజానా.

లెక్కల్లోకి వెళ్లేముందు ఒక చిన్న సంగతి. ఒక యువాన్ అంటే సుమారు 12 రూపాయలు అనుకోండి. ఇంగ్లిష్ పత్రికలు ట్రిలియన్ అని రాసేది మన భాషలో లక్ష కోట్లు.

భూమి ఎవరిది, అమ్మేది ఏమిటి

చైనాలో పట్టణ భూమి అంతా ప్రభుత్వానిదే. పల్లెల్లో భూమి గ్రామ సమష్టిది. వ్యక్తికి భూమి మీద యాజమాన్యం ఉండదు, వాడుకునే హక్కు మాత్రమే ఉంటుంది. ఇళ్లకు 70 ఏళ్లు, పరిశ్రమలకు 50, వాణిజ్య భవనాలకు 40. మనవాళ్లకు తెలిసిన మాటలో చెప్పాలంటే దీర్ఘకాలిక లీజు. 1987 చివర్లో షెంజెన్ నగరం ఈ హక్కును మొదటిసారి వేలం వేసింది. అప్పటికి రాజ్యాంగం దానికి ఒప్పుకోదు. మరుసటి ఏడాది రాజ్యాంగాన్నే సవరించారు. ముందు ఒకచోట చేసి చూడడం, పనిచేస్తే చట్టం మార్చడం ఆ దేశంలో కొత్తేం కాదు.

ఊరి పక్కన పొలాన్ని పట్టణ భూమిగా మార్చే అధికారం ప్రభుత్వానికే ఉంది. ప్రభుత్వం రైతులకు నష్టపరిహారం ఇచ్చి భూమి తీసుకుంటుంది, రోడ్డు వేస్తుంది, కరెంటు లాగుతుంది, వాడకం హక్కును బిల్డర్‌కు వేలం వేస్తుంది. కొనేవాడు ఒకడే, అమ్మేవాడూ వాడే. మధ్యలో మిగిలేదంతా స్థానిక ప్రభుత్వానిది.

1994: పన్నులు పైకి, ఖర్చులు కిందికి

స్థానిక ప్రభుత్వాలు ఈ వ్యాపారం మీద అంతగా ఆధారపడడానికి కారణం 1994 నాటి పన్నుల సంస్కరణ. 1993లో దేశం మొత్తం ప్రభుత్వ రాబడిలో కేంద్రానికి దక్కింది 22 శాతమే. బీజింగ్ రాష్ట్రాలను డబ్బు అడుక్కునే స్థితి. అప్పటి ఉపప్రధాని ఝూ రోంగ్‌జీ రాష్ట్రాలన్నీ తిరిగి, బతిమాలీ బెదిరించీ కొత్త పంపకానికి ఒప్పించారు. వ్యాట్‌లో 75 శాతం కేంద్రానికి, 25 శాతం కిందికి. ఒక్క ఏడాదిలో కేంద్రం వాటా 55 శాతం దాటింది.

ఖర్చు మాత్రం కదల్లేదు. బడులు, ఆస్పత్రులు, పెన్షన్లు, రోడ్లు అన్నీ కింది ప్రభుత్వాల నెత్తినే ఉండిపోయాయి. ఇప్పటికీ ప్రభుత్వ వ్యయంలో 80 శాతానికి పైగా జరిగేది స్థానికంగానే. కేంద్రం తీసుకున్నదాంట్లో చాలా భాగం గ్రాంట్ల రూపంలో తిరిగి పంపిస్తుంది. కానీ ఎవరికి, ఎంత, ఏ షరతు మీద అన్నది బీజింగ్ ఇష్టం. మన దగ్గర రాష్ట్రాల వాటాను సిఫారసు చేయడానికి రాజ్యాంగబద్ధమైన ఫైనాన్స్ కమిషన్ ఉంది. దాని మీద మన రాష్ట్రాలకు ఎన్ని ఫిర్యాదులున్నా, ఫిర్యాదు చేసుకోవడానికి ఒక వేదికంటూ ఉంది. అక్కడ అలాంటిది లేదు.

భూమి అమ్మిన డబ్బును మాత్రం స్థానిక ప్రభుత్వాలకే వదిలేశారు. 1994లో దాని విలువ తక్కువే. 1998లో ఉద్యోగులకు సంస్థలే ఇళ్లు కేటాయించే పాత పద్ధతి ఎత్తేసి, ఎవరి ఇల్లు వాళ్లు కొనుక్కోవాలన్నాక కథ మారింది. 2021 నాటికి భూమి హక్కుల అమ్మకం ద్వారా వచ్చింది 8.7 లక్షల కోట్ల యువాన్లు. అదే ఏడాది స్థానిక ప్రభుత్వాల సొంత సాధారణ రాబడి మొత్తం కలిపి 11 లక్షల కోట్ల పైచిలుకు. ఆ 8.7లో పెద్ద భాగం పరిహారానికీ చదును పనులకూ పోతుంది కాబట్టి అంతా మిగులు కాదు. అయినా ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే చాలు, ఒక మేయర్‌కు తన ఊళ్లో ఇళ్ల ధరలు ఎందుకు పెరగాలో తెలుస్తుంది.

ఒక కల్పిత జిల్లా లెక్క

అంకెలు తేలిగ్గా ఉండేలా ఒక జిల్లాను ఊహించుకుందాం. రైతుల పరిహారం, రోడ్లు, డ్రైనేజీ కలిపి ఒక ప్లాటుకు 30 కోట్లు ఖర్చయింది. వేలంలో 100 కోట్లు వచ్చింది. మిగులు 70. ఏడాదికి రెండు ప్లాట్లు అమ్మితే 140 కోట్లు. దాంతో ఆ జిల్లా ఒక వంతెన కడుతుంది, ఒక ఫ్యాక్టరీకి స్థలం చవగ్గా ఇస్తుంది. ఇళ్ల స్థలం ఖరీదుగా అమ్మి, పరిశ్రమ స్థలం కారుచౌకగా ఇవ్వడం అక్కడ మామూలే. ఫ్యాక్టరీ వస్తే వ్యాట్ వస్తుంది, ఉద్యోగాలు వస్తాయి, వచ్చినవాళ్లు ఇళ్లు కొంటారు.

ఇప్పుడు ధర 40 శాతం పడిందనుకుందాం. ప్లాటు 60 కోట్లే పలికింది. ఖర్చు మాత్రం అదే 30. మిగులు 70 నుంచి 30కి పడింది, అంటే ధర 40 శాతం తగ్గితే మిగులు 57 శాతం తగ్గింది. పైగా రెండు ప్లాట్లలో ఒకదానికే బిల్డర్ వచ్చాడు. 140 కోట్లు వచ్చే చోట 30 కోట్లు. వంతెన సగంలో ఉంది. బ్యాంకు దగ్గర తనఖా పెట్టిన మూడో ప్లాటు విలువ కూడా 60కే పడింది కాబట్టి బ్యాంకు కూడా ఫోన్ చేస్తోంది.

ప్రభుత్వ ఖాతాలో కనిపించని ప్రభుత్వ అప్పు

ఆ తనఖా సంగతికే వద్దాం. 1990ల నాటి బడ్జెట్ చట్టం ప్రకారం స్థానిక ప్రభుత్వాలు నేరుగా అప్పు చేయకూడదు. దారి లేనప్పుడు కిటికీ వెతుక్కున్నాయి. ప్రభుత్వమే ఒక కంపెనీ పెడుతుంది, దానికి కొంత భూమి రాసిస్తుంది, ఆ భూమి చూపించి కంపెనీ అప్పు తెస్తుంది. వీటినే అక్కడ ‘చెంగ్‌టౌ’ అంటారు. కాగితం మీద అది కంపెనీ అప్పు. కానీ వెనక ప్రభుత్వం ఉందని బ్యాంకుకూ తెలుసు, బాండ్లు కొన్నవాళ్లకూ తెలుసు.

2008 ప్రపంచ ఆర్థిక సంక్షోభంలో బీజింగ్ 4 లక్షల కోట్ల యువాన్ల ఉద్దీపన ప్రకటించింది. అందులో కేంద్రం పెట్టింది 1.18 లక్షల కోట్లే. మిగతాది కింద చూసుకోమన్నారు. చెంగ్‌టౌలు పుట్టగొడుగుల్లా లేచింది అప్పుడే. 2015 నుంచి రాష్ట్రాలు చట్టబద్ధంగా బాండ్లు జారీ చేసుకోవచ్చన్నారు కానీ పాత అలవాటు పోలేదు.

ఇక్కడ రాజకీయం అర్థం కావాలంటే అధికారుల పదోన్నతి పద్ధతి తెలియాలి. జిల్లా, నగర పార్టీ కార్యదర్శిని జనం ఎన్నుకోరు, పైనుంచి నియమిస్తారు. నాలుగైదేళ్లలో బదిలీ. పైవాళ్లు ఏళ్ల తరబడి చూసిన మొదటి అంకె జీడీపీ వృద్ధి. అప్పు తెచ్చి కడితే వృద్ధి ఈయన హయాంలో కనిపిస్తుంది, కిస్తీలు తర్వాత వచ్చినవాడు కడతాడు. ఇది కొందరు అవినీతిపరుల సంగతి కాదు. నిజాయితీగల అధికారి కూడా ఈ లెక్కలో ఇదే పని చేస్తాడు.

గ్వీజౌ రాష్ట్రంలోని దూషాన్ అప్పు చేసి పప్పు కూడు తిన్న జిల్లాల్లో పేరు మోసింది. కొండల మధ్య పేద జిల్లా. ఏడాది రాబడి 100 కోట్ల యువాన్లు కూడా లేదు. అప్పు మాత్రం 4,000 కోట్లకు చేరింది. ఆ డబ్బులో 20 కోట్లు పెట్టి దాదాపు 100 మీటర్ల ఎత్తున సంప్రదాయ చెక్క శైలిలో ఒక భారీ భవనం లేపారు. అది పూర్తికాకుండా నిలిచిపోయింది. 2020లో ఆ వీడియోలు దేశమంతా తిరిగాయి. అప్పటికే జిల్లా పార్టీ కార్యదర్శిని అవినీతి కేసులో పట్టుకెళ్లారు. అదే రాష్ట్రంలోని జున్‌యీ నగరపు రోడ్లు, వంతెనల కంపెనీ 2022 డిసెంబర్‌లో 1,560 కోట్ల యువాన్ల బ్యాంకు అప్పును 20 ఏళ్లకు సాగదీసుకుంది. మొదటి పదేళ్లు వడ్డీ మాత్రమే, అసలు ఆ తర్వాత. బ్యాంకు భాషలో అది దివాలా కాదు. మామూలు మనిషి ఎవరైనా అలా అడిగితే బ్యాంకు ఏమంటుందో మనకు తెలుసు.

కట్టకముందే అమ్మకం

మరి జనం ఎందుకు ఎగబడి కొన్నారు? డబ్బు దాచుకోవడానికి వేరే చోటు లేదు. బ్యాంకు వడ్డీ తక్కువ, స్టాక్ మార్కెట్ జూదంలా ఉంటుంది, విదేశాలకు పంపాలంటే మనిషికి ఏడాదికి 50,000 డాలర్ల పరిమితి. ఇంటి ధర పడగా చూసిన తరమే లేదు. పైగా మంచి బడిలో సీటుకు ఆ పరిధిలో ఇల్లు కావాలి, పెళ్లి సంబంధానికి అబ్బాయి పేరు మీద ఫ్లాట్ కావాలి. ఈ చివరిది మన ఇళ్లలోనూ వినిపించే మాటే.

బిల్డర్లు ఈ ఆత్రాన్ని పెట్టుబడిగా మార్చుకున్నారు. 2021 నాటికి కొత్త ఇళ్లలో పదింటికి ఎనిమిది, తొమ్మిది నిర్మాణం పూర్తికాకముందే అమ్ముడుపోయాయి. కొన్నవాడు బ్యాంకు లోను తీసుకుంటే మొత్తం డబ్బు ముందే బిల్డర్ చేతికి వస్తుంది, ఈఎంఐ మరుసటి నెల నుంచే మొదలు. ఆ డబ్బును ప్రత్యేక ఖాతాలో ఉంచి నిర్మాణానికే వాడాలన్న నిబంధన ఉంది. కానీ దాన్ని అమలు చేయాల్సింది స్థానిక ప్రభుత్వం. ఆ బిల్డరే రేపటి భూమి వేలంలో పాల్గొనాలి. ఇక నిఘా ఎంత గట్టిగా ఉంటుంది? ఒక ప్రాజెక్టు డబ్బుతో ఇంకో ఊళ్లో భూమి కొనడం, ఆ భూమి మీద మళ్లీ ముందస్తు అమ్మకాలు, ఇలా చక్రం తిరిగింది. హైదరాబాద్‌లో ప్రీ-లాంచ్ ఆఫర్లలో డబ్బు పెట్టి తిరుగుతున్నవాళ్లకు ఈ పద్ధతి వివరించి చెప్పక్కర్లేదు. మన రెరా చట్టం కొన్నవాళ్ల డబ్బులో 70 శాతం విడి ఖాతాలో ఉంచాలనడం సరిగ్గా ఈ చక్రాన్ని ఆపడానికే.

2020 ఆగస్టు: మూడు ఎర్ర గీతలు

‘ఇళ్లు ఉండడానికి, సట్టాకు కాదు’ అన్న మాట 2016 చివర్లో మొదలై 2017 పార్టీ మహాసభలో షీ జిన్‌పింగ్ నివేదికలోకి ఎక్కింది. దాన్ని నియమంగా మార్చింది 2020 ఆగస్టులో. పెద్ద బిల్డర్లకు మూడు పరీక్షలు పెట్టారు. అడ్వాన్సులు తీసేసి చూస్తే ఆస్తుల్లో బాకీలు 70 శాతం మించకూడదు. నికర అప్పు సొంత పెట్టుబడిని మించకూడదు. చేతిలో నగదు ఏడాదిలోపు కట్టాల్సిన అప్పు కంటే తక్కువ కాకూడదు.

ఒక కల్పిత కంపెనీకి ఈ పరీక్ష పెట్టి చూద్దాం. ఆస్తులు 100 కోట్లు. బాకీలు 85 కోట్లు, అందులో 20 కోట్లు కొన్నవాళ్ల అడ్వాన్సులు. అడ్వాన్సులు రెండు వైపులా తీసేస్తే 80కి 65, అంటే 81 శాతం. మొదటి గీత దాటింది. వడ్డీ కట్టే అప్పు 40, నగదు 8, కాబట్టి నికర అప్పు 32. సొంత పెట్టుబడి 15. రెట్టింపుకు పైనే. రెండో గీతా దాటింది. ఏడాదిలో కట్టాల్సింది 16, ఉన్నది 8. మూడోదీ పోయింది. మూడూ దాటిన కంపెనీ అప్పు ఒక్క రూపాయి కూడా పెంచకూడదన్నారు. ఏదీ దాటనిది ఏడాదికి 15 శాతం దాకా పెంచుకోవచ్చన్నారు.

కొత్త అప్పుతో పాత అప్పు తీరుస్తూ బతికే కంపెనీకి ఇది ఊపిరి బిగించడమే. 2021 డిసెంబర్‌లో ఎవర్‌గ్రాండ్ విదేశీ అప్పుల చెల్లింపులో విఫలమైంది. 2022 వేసవిలో జియాంగ్‌షీ రాష్ట్రంలోని జింగ్‌దెజెన్‌లో ఆ కంపెనీ ప్రాజెక్టులో ఫ్లాట్లు కొన్నవాళ్లు, ఇల్లు కట్టేదాకా ఈఎంఐ కట్టబోమని బహిరంగ లేఖ పెట్టారు. కొద్ది వారాల్లో 300కు పైగా ప్రాజెక్టుల్లో అదే లేఖ. నిరసనకు చోటు లేని దేశంలో వాళ్లు ఎంచుకున్న దారి బ్యాంకు కిస్తీ ఆపడం. గమనిస్తే, అది ప్రభుత్వానికి వెంటనే అర్థమయ్యే భాష.

కొత్త ఇళ్లు, వాణిజ్య భవనాల అమ్మకాలు కలిపి 2021లో 18 లక్షల కోట్ల యువాన్లు. 2024లో 10 లక్షల కోట్లు కూడా దాటలేదు. భూమి రాబడి 8.7 లక్షల కోట్ల నుంచి 4.87 లక్షల కోట్లకు పడింది. 2022లో బిల్డర్లు రాకపోతే చాలా నగరాల్లో వేలం భూమిని చెంగ్‌టౌలే కొన్నాయి. అంటే ప్రభుత్వం తన భూమిని తన కంపెనీకే అప్పు మీద అమ్మి, దాన్ని రాబడిగా రాసుకుంది.

ఖజానాలు ఎండిపోయాక కనిపించిన సంగతులు చిత్రంగా ఉంటాయి. 2023 ఫిబ్రవరిలో హెనాన్ రాష్ట్రం షాంగ్‌చ్యూ నగరంలో డబ్బుల్లేక బస్సులు ఆపేస్తామని నోటీసు పెట్టారు, గోల కావడంతో వెనక్కి తీసుకున్నారు. హుబేయ్‌లో ఒక మద్యం కంపెనీకి 1994 నుంచి లెక్కగట్టి 8.5 కోట్ల యువాన్ల పాత పన్ను కట్టమన్నారు. ఒక రాష్ట్రం పోలీసులు ఇంకో రాష్ట్రానికి వెళ్లి వ్యాపారుల ఖాతాలు స్తంభింపజేసి జరిమానాలు గుంజడాన్ని జనం ‘దూరసముద్రపు వేట’ అని వెక్కిరించారు. దాన్ని ఆపమని కేంద్రమే ఆదేశాలివ్వాల్సి వచ్చింది.

బుడగను అలా పొడవడం సరైనదేనా

దీని మీద ఆర్థికవేత్తలు ఒక మాట మీద లేరు. సమర్థించేవాళ్ల వాదన ఇది: ఇంకో ఐదేళ్లు ఆగి ఉంటే అప్పులతో ఉబ్బిన ఇళ్ల ధరల బుడగ మరింత పెద్దదయ్యేది. 2008లో అమెరికాలో జరిగినట్టు పెద్ద బ్యాంకులు కూలలేదు, ఎందుకంటే బ్యాంకులు ప్రభుత్వ చేతిలోనే ఉన్నాయి, కొనేవాళ్లు ఇంటి ధరలో గణనీయమైన భాగం సొంత డబ్బు పెట్టారు. బ్యాంకు రుణాలు ఇళ్ల నుంచి ఫ్యాక్టరీల వైపు మళ్లాయి. ఎలక్ట్రిక్ కార్లు, బ్యాటరీలు, సోలార్ ప్యానెళ్లలో చైనా ఇవాళ ప్రపంచంలో ముందుండడం ఈ మళ్లింపు ఫలితం కూడా.

తప్పుపట్టేవాళ్లు లక్ష్యాన్ని కాదు, పద్ధతిని తప్పుపడతారు. కోవిడ్ లాక్‌డౌన్లు, టెక్ కంపెనీల మీద ఉక్కుపాదం, ఈ మూడు గీతలు అన్నీ ఒకేసారి వచ్చిపడ్డాయి. మూలమైన పన్నుల పంపకాన్ని ముట్టుకోకుండా కొసన ఉన్న బిల్డర్లను కట్టడి చేశారు. చైనా కుటుంబాల సంపదలో సగానికి పైగా ఇళ్లలోనే ఉంది. దాని విలువ తరిగితే ఖర్చు తగ్గించుకుంటారు, వస్తువులు అమ్ముడుపోవు, ధరలు పడతాయి, ఉద్యోగాలు దొరకవు. 2023 జూన్‌లో యువత నిరుద్యోగం 21.3 శాతం అయ్యాక ప్రభుత్వం ఆ అంకె ప్రచురించడమే కొన్ని నెలలు ఆపి, లెక్కించే తీరు మార్చింది.

1990 తర్వాత భూమి ధరలు కూలి, ఏళ్ల తరబడి ఎదుగుదల ఆగిన జపాన్‌తో పోల్చడం తరచూ వినిపిస్తుంది. పోలిక సగమే సరిపోతుంది. పట్టణాలకు రావాల్సినవాళ్లు చైనాలో ఇంకా ఉన్నారు, పట్టణ జనాభా మూడింట రెండు వంతులే. కానీ జపాన్ ధనిక దేశమయ్యాక ఆగింది. చైనా తలసరి ఆదాయం ఇంకా ఆ స్థాయికి రాలేదు, జనాభా 2022 నుంచే తగ్గుతోంది. నాకైతే విమర్శకుల వాదనే బరువుగా కనిపిస్తుంది, ముఖ్యంగా పన్నుల పంపకం విషయంలో. కానీ ‘ఇదిగో చైనా కూలిపోతోంది’ అని పదేళ్లుగా ప్రతి ఏటా రాస్తున్నవాళ్ల మాటా నమ్మలేం.

అప్పు తీరడం వేరు, చేతులు మారడం వేరు

2024 నవంబర్‌లో బీజింగ్ 10 లక్షల కోట్ల యువాన్ల ప్యాకేజీ ప్రకటించింది. ఇందులో కొత్త ఖర్చు ఏమీ లేదు. చెంగ్‌టౌల పేరు మీద ఎక్కువ వడ్డీకి దాగి ఉన్న అప్పును, తక్కువ వడ్డీ ప్రభుత్వ బాండ్లుగా మార్చుకోవడానికి అనుమతి. అప్పు అంతే ఉంటుంది, వడ్డీ తగ్గుతుంది, గడువు పెరుగుతుంది. దాగిన అప్పు 2023 చివరికి 14.3 లక్షల కోట్లని ఆర్థిక మంత్రి లాన్ ఫోఆన్ చెప్పారు. ఐఎంఎఫ్ అంచనా దాదాపు 60 లక్షల కోట్లు. చెంగ్‌టౌ అప్పంతా ప్రభుత్వానిదేనా, కొంతేనా అన్నదాన్ని బట్టి అంకె మారుతుంది. రెండు సంఖ్యల మధ్య ఉన్న దాదాపు 46 లక్షల కోట్లు ఎవరు మోయాలన్నది ఇంకా తేలలేదు.

మోయగలిగినవాళ్లు ముగ్గురే: కేంద్రం, బ్యాంకుల్లో డబ్బు దాచుకున్న జనం, లేదా విదేశీ కొనుగోలుదారులు. మూడోది ఎలాగంటే, లోపల అమ్ముడుపోని సరుకు బయటికి పంపడం. 2024లో చైనా వాణిజ్య మిగులు దాదాపు లక్ష కోట్ల డాలర్లు. దానికి జవాబుగానే చైనా ఎలక్ట్రిక్ కార్ల మీద అమెరికా 100 శాతం సుంకం, యూరప్ అదనపు సుంకాలు. మన దేశంలో చౌక చైనా ఉక్కు, రసాయనాల దిగుమతి మీద పదేపదే సాగుతున్న యాంటీ డంపింగ్ విచారణలకూ ఈ మిగులుతో సంబంధం ఉంది.

లోపల ఖర్చు పెంచాలంటే జనం చేతిలో డబ్బు పెట్టాలి. పల్లెల్లో వృద్ధులకు కేంద్రం నిర్ణయించిన కనీస పెన్షన్ 2025లో పెంచాక కూడా నెలకు 143 యువాన్లే. దాన్ని నాలుగింతలు చేస్తే వినియోగం పెరుగుతుందని చైనా ఆర్థికవేత్తలే రాస్తున్నారు. ఉచితాల వల్ల సోమరితనం వస్తుందని షీ బహిరంగంగానే హెచ్చరించారు. ఈ చర్చ మన పథకాల మీద టీవీల్లో జరిగే వాదనలకు ఎంత దగ్గరో చూడండి, పార్టీ పేరులో కమ్యూనిస్టు అని ఉన్నా సరే.

భూమి రాబడికి బదులు ఏం వస్తుంది

చాలా దేశాల్లో మున్సిపాలిటీలకు ఉండే ఇంటి పన్ను చైనాలో మామూలు ఇళ్ల మీద లేదు. 2011లో షాంఘై, చోంగ్‌చింగ్‌లలో చిన్నగా మొదలుపెట్టారు. 2021 అక్టోబర్‌లో మరిన్ని నగరాలకు విస్తరించడానికి అనుమతి వచ్చింది. 2022 మార్చికల్లా ‘పరిస్థితులు అనుకూలంగా లేవు’ అని పక్కన పెట్టేశారు. ధరలు పెరుగుతున్నప్పుడు, రెండు మూడు ఫ్లాట్లున్న మధ్యతరగతీ అధికారులూ ఒప్పుకోలేదు. ఇప్పుడు పడుతున్న ధరల మీద పన్ను వేస్తే ఇంకా పడతాయి.

అందుకని 2024 జులైలో జరిగిన పార్టీ ప్లీనం (కేంద్ర కమిటీ సమావేశం) వేరే దారి చూసింది. సిగరెట్లు, మద్యం, పెట్రోలు, కార్ల వంటివాటి మీద వేసే వినియోగ పన్ను ఇప్పటిదాకా పూర్తిగా కేంద్రానిది, ఫ్యాక్టరీ దగ్గరే వసూలవుతుంది. దాన్ని అమ్మకం జరిగే చోటికి మార్చి, క్రమంగా స్థానిక ప్రభుత్వాలకు వదులుతామన్నారు. ఏడాదికి వచ్చేది సుమారు 1.6 లక్షల కోట్ల యువాన్లు. భూమి రాబడిలో మూడేళ్లలో తరిగింది 3.8 లక్షల కోట్లు. మొత్తం పన్నును కిందికి ఇచ్చేసినా ఆ గుంట సగం కూడా పూడదు.